జామపండు మీద ఎర్రటి చార

రాబర్ట్‌సన్‌పేట బజారులో జామపళ్ల బండి కనిపిస్తే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చేది పండు రుచి కాదు, మా పక్కింటి రోజీ ఆంటీ గొంతు. ఆమె ఒక పళ్ల డాక్టరు దగ్గర చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి మానుకుంది. పని మానుకుందే గానీ అలవాటు మానలేదు. చక్కెర అడగడానికి వెళ్లినవాళ్ల చేత కూడా ముందు నోరు తెరిపించేది. గని పనివాళ్లకు వరసగా కట్టిన మా లైన్ ఇండ్లలో ఆమె ఎదుట ఆవలించడానికి అందరికీ భయమే.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైన రోజులవి. నేను పీయూసీ చదువుతున్నాను. మా నాన్న నారాయణప్ప గని లోపల రాయి తొలిచే పని చేసేవాడు. ఆయనకు షుగరు. బూటు ఒరుసుకుని కాలి బొటనవేలికి పడిన పుండు నెలలు గడిచినా మానలేదు. షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. వేలు పోతే మళ్లీ గనిలోకి దిగనివ్వరని నాన్న బెంగ. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, పొద్దస్తమానం ఆ వేలినే చూసుకునేవాడు. ఆయన్ను అలా చూడలేక నాకు ఏడుపు వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆంటీ దోరజామకాయలు తెచ్చింది. నాన్న ఒకటి కొరికాడు. తెల్లటి గుజ్జు మీద ఎర్రటి చార పడింది.

“ఏమప్పా నారాయణప్పా, రక్తం అంటుకోనుండాది, చూసినావా?”

“అది దినామూ వచ్చేదే అక్కా.”

“చేతిలోంచి దినామూ రక్తం కారితే ఊరికే ఉంటావా? నోరేమి, ఒళ్లు కాదా?”

షుగరు చిగుళ్లను పాడుచేస్తుందనీ, పాడైన చిగుళ్లు షుగరును దిగనివ్వవనీ, అక్కడి క్రిములు రక్తంలో కలిసి ఎంత దూరమైనా పోగలవనీ ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నాకు పూనకం వచ్చింది. మందుల షాపులో అన్నిటికన్నా ఘాటైన పుక్కిలింత మందు తెచ్చి, రోజుకు ఆరుసార్లు నాన్న చేత పుక్కిలింపించాను. నాలుగో రోజు ఆంటీ ఆ సీసా లాక్కుంది.

“నోరు మన లైన్ మాదిరే పాపా. మంచోళ్లూ ఉండారు, చెడ్డోళ్లూ ఉండారు. అందరినీ తరిమేస్తే ఖాళీ ఇండ్లలోకి ఎవరు దూరతారో తెలుసా?”

అసలు యుద్ధం పుగాకుతో. నాన్నా, ఆయన జట్టువాళ్లూ బుగ్గన పుగాకు పెట్టుకునే గనిలోకి దిగేవారు. రాతి దుమ్మును అదే పట్టుకుంటుందని, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వదని వాళ్ల నమ్మకం. ఆ మాటే చెప్పి నాన్న మొండికేశాడు.

“సరేప్పా, గనిలో దుమ్ముండాది,” అంది ఆంటీ. “మరి సెలవులో ఇంట్లో కూసోని, ఇప్పుడు ఏ దుమ్ముకి పెట్టుకోనుండావు? యాడుండాది, చూపించు.”

నాన్న చుట్టూ చూశాడు. అమ్మ పొద్దున్నే ఇల్లు ఊడ్చి కడిగింది. ఆయన లేచి, కుంటుకుంటూ పెరట్లోకి పోయి, ఉమ్మేసి వచ్చాడు. రెండు రోజులు ఆంటీతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమె వెంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రెండు పుచ్చు దంతాలు తీశారు, చిగుళ్ల కింది గార అంతా గీకారు.

పుండు మానడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. మాత్రలు, రాగిముద్ద పథ్యం, కట్లు అన్నీ పనిచేశాయి. నోరు బాగుపడ్డాకే అవి దారికొచ్చాయని ఆంటీ వాదన, డాక్టరు కూడా కాదనలేదు. వేలు నిలిచింది. మళ్లీ షిఫ్టుకు వెళ్లే ముందురోజు నాన్న తానే జామకాయ కొని, ఆంటీ గుమ్మంలో నిలబడి కొరికి, కొరికినవైపు ఆమెకు చూపించాడు. ఆమె దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంగ పో అప్పా పనికి,” అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఆంటీ ఇప్పుడు లేదు. నా పెళ్లిచూపుల్లో మిఠాయి బదులు జామపండు పెట్టించాను. తన ముఖం చూడకుండా చేతిలో కొరికిన పండునే చూస్తున్నానేమని మా ఆయన అప్పుడు కంగారుపడ్డాడట, ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. ఈరోజు బండి దగ్గర మా అమ్మాయికి ఒక పండు కొనిచ్చాను. కొరికింది. నమలడానికి ముందే, నేను అడగకుండానే, పండును నా వైపు తిప్పి పట్టుకుంది. తెల్లగా ఉంది.