సున్నా ఇచ్చిన రిఫరీ

ఆమె ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సెలవు రోజుల్లో డైవింగ్ పోటీలకు జడ్జిగా వెళ్లేది. మార్కులు వెయ్యడంలో చెయ్యి బిగువని పిల్లలు చాటుగా ‘నాలుగున్నర టీచరు’ అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. వంకర కాళ్లతో దూకి గట్టు దాకా నీళ్లు చిమ్మితే, పదికి నాలుగున్నర కూడా ఎక్కువేనని ఆమె లెక్క.

ఆ మార్కుకు విలువ మాత్రం ఉండేది కాదు. ఐదుగురు జడ్జీలు ఒక్కసారే అట్టలు ఎత్తి మార్కులు చూపిస్తారు. అన్నిటికంటే పెద్దదీ చిన్నదీ తీసేసి, మిగతా మూడూ కూడి, ఆ డైవ్ ఎంత కష్టమైనదో చెప్పే అంకెతో హెచ్చవేస్తారు. ఏ ఒక్కరి పక్షపాతమూ చెల్లకూడదని పెట్టిన నియమం అది. కానీ నలుగురు కూడబలుక్కుని ఎనిమిది ఎత్తితే, చెత్తబుట్టలోకి పోయేది ఆమె నాలుగున్నరే.

వాళ్లు దాన్ని దాచుకునేవాళ్లు కూడా కాదు. జడ్జీల గదిలో బిస్కట్లు నములుతూ, పొట్ట మీద రాలిన పొడి దులుపుకుంటూ, “మన డైవింగ్ సంఘం సెక్రటరీగారి మేనకోడలు కదా, ఎనిమిదికి తగ్గితే ఏం బావుంటుంది?” అనుకునేవాళ్లు. ఆమెకు ఆ మాటలంటే రోత. అయినా పదకొండేళ్లు ఆ గదిలోనే కూర్చుంది. వాళ్లు పోసిచ్చిన టీయే తాగింది.

ఆ ఏడాది పోటీల రోజున రిఫరీకి నడుం పట్టేసింది. అందరిలోకీ సీనియర్ కాబట్టి ఆ పని ఈమె మీద పడింది. రిఫరీ మార్కులు వెయ్యరు; ఇక అట్టలెత్తేది మిగతా నలుగురే. సెక్రటరీ మొహం వెలిగిపోయింది.

“ఇవాళ మీకు విశ్రాంతి టీచరుగారూ. ఈల ఊదితే చాలు,” అన్నాడు.

మూడు మీటర్ల బోర్డు మీద ఆఖరి వరస. లిఫ్టు మెకానిక్ కూతురు సూదిలా నీళ్లలోకి దిగింది. నలుగురూ ఆరున్నర ఎత్తారు. తర్వాత మేనకోడలు వచ్చింది. ఏ డైవ్ వేస్తారో పోటీకి ముందే కాగితం మీద రాసివ్వాలి; అది కాక వేరేది వేస్తే చెల్లదని చెప్పే అధికారం రిఫరీది. ఆ పిల్ల రాసిచ్చింది ముందుకు రెండున్నర పల్టీలు. బోర్డు చివర అడుగు తడబడి ఎత్తు చాలలేదు. ఒకటిన్నర పల్టీకే ఒళ్లు చాచేసి, తలకిందులుగా చక్కగా దిగిపోయింది. నీళ్లు పెద్దగా చిమ్మలేదు.

జడ్జీల చేతులు ఎనిమిది అంకె ఉన్న అట్టల మీదికి పోయాయి. అవి లేవకముందే ఈల మోగింది.

“డైవ్ చెల్లదు. సున్నా!”

సెక్రటరీ తడి గట్టు మీద జారుతూ పరిగెత్తుకొచ్చాడు. “అదేంటమ్మా, అంత శుభ్రంగా దిగితే!”

“రాసిచ్చింది రెండున్నర. వేసింది ఒకటిన్నర.”

“ఎవరు చూశారు? మీరొక్కరేగా!”

నీళ్లలోంచి తల పైకెత్తి ఆ పిల్లే అంది, “ఒకటిన్నరే మావయ్యా. మధ్యలో భయమేసింది.”

“నువ్వు నోర్ముయ్!” అని అరిచాడు సెక్రటరీ. ఆ అరుపుకు పిల్ల మొహం తిప్పుకుని మెట్ల వైపు ఈదింది. టీచరు సున్నాను మాత్రం మార్చలేదు.

మెకానిక్ కూతురు గెలిచింది. వాళ్ల నాన్న వచ్చి చేతులు జోడిస్తే టీచరు రెండడుగులు వెనక్కి వేసింది. “పల్టీలు లెక్కపెట్టాను, అంతే. దానికి దండమెందుకు?” అంది. ఆ దండం అందుకోవడానికి సిగ్గేసింది. అంతకుముందు ఓడిపోయిన పిల్లలెంతమందో ఆమెకు తెలుసు.

బట్టలు మార్చుకునే గదుల దగ్గర ఒక జడ్జి గొంతు తగ్గించి, “మంచి పని చేశారు. నాకూ ఒకటిన్నరే కనిపించింది,” అన్నాడు.

“మరి ఎనిమిది అట్ట ఎందుకు పట్టుకున్నారు?”

అతను నవ్వాడు. సెక్రటరీ అరిచినప్పటికంటే ఆ నవ్వుకే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది.

మరుసటి ఏడాది పిలుపు రాలేదు. భర్త అడిగాడు, “బాధగా ఉందా?”

“బాధెందుకండీ? అసహ్యం. వాళ్ల మీద సగం, నా మీద సగం,” అని, బడికి టైమవుతోందని చెప్పులేసుకుంది.