షటిల్ రైల్లో సుగుణక్క గొంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అందుకు నాకున్న కారణం మీలో చాలామందికి ఉండదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఇరవై రెండేళ్లు సౌండ్ ఇంజినీర్‌గా పనిచేశాను. సినిమా హాల్లో మీరు ఉలిక్కిపడిన దెయ్యం నవ్వుల్లో కొన్ని నేను తయారుచేసినవే. ఒకావిడ ఇత్తడి బిందెలోకి వంగి నవ్వేది. ఆ నవ్వును నేను కాస్త సాగదీసి, దాని వెనక అదే నవ్వును తిరగేసి పెట్టేవాణ్ని. పనయ్యాక ఇద్దరం కిందకి వెళ్లి టీ తాగేవాళ్లం.

బిందెలోకి వంగి నవ్విన ఆవిడ పేరు సుగుణ. ఆవిడ గురించి నేను చెప్పిన ఒక అబద్ధం ఇవాళ్టికీ స్టూడియోల్లో నిజంలా తిరుగుతోంది. దాన్ని సరిచేయడానికి రాస్తున్నాను. ఎవరినీ భయపెట్టడానికి కాదు.

సుగుణక్కది బోరబండ. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర ట్రాక్ చెప్పేది. పేరున్న డబ్బింగ్ కళాకారిణి వచ్చేలోపు ఇంకొకరిచేత డైలాగులన్నీ చెప్పించి పెట్టుకుంటాం. దాన్నే ట్రాక్ అంటాం. పేరున్నావిడ తీరిగ్గా వచ్చి, అది విని, పెదాల కదలికను బట్టి మళ్లీ చెబుతుంది. ఆ తర్వాత ట్రాక్ చెరిపేస్తాం. సుగుణక్క నవ్వులు, ఏడుపులు సినిమాల్లో మిగిలాయి గానీ మాట ఒక్కటీ మిగల్లేదు.

శనివారం సాయంత్రం ట్రాక్‌ల ఫోల్డర్ మొత్తం ఖాళీ చేయడం మా థియేటర్ ఆనవాయితీ. సోమవారం కొత్త సినిమాకు పూజ చేసే కంప్యూటర్‌లో పాత గొంతులు ఉండకూడదని మా ఓనర్ పట్టుదల. చెరిపేది నేను. సుగుణక్క దాన్ని కూడా నవ్వులాటగానే తీసుకునేది.

“నా గొంతు చీపురు లెక్క తమ్మీ. ఊడ్సుడు అయినంక తలుపెనక పెడ్తరు.”

మైకు ముందు మాత్రం ఆమె నోట ఒక్క యాస మాట దొర్లేది కాదు. పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలోనే అనుకునేవాళ్లు. నేను ఆ వైపు మనిషినే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

మెట్రో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాటి ఐటీ కంపెనీల దాకా వెళ్లడం మొదలైన కొత్తలో, రద్దీ వేళల్లో కొన్ని రైళ్లు లైను మొత్తం తిరిగేవి కావు. అమీర్‌పేట నుంచి అటు చివరి స్టేషన్‌కు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, అంతే. మేం వాటిని షటిల్ అనేవాళ్లం. వాటిలో వినిపించే ప్రకటనలు విడిగా రికార్డు చేసిపెట్టే పని ఒక కాంట్రాక్టరు ద్వారా మా థియేటర్‌కు వచ్చింది. మొత్తం పదకొండు వాక్యాలు.

ఆ కాంట్రాక్టరు వచ్చిన రోజు లోపల సుగుణక్క ఏదో సినిమాకు ట్రాక్ చెబుతోంది. అతను అద్దం ఇవతల నిలబడి విని, “ఈ గొంతే కావాలండీ” అన్నాడు.

ఆ పదకొండు వాక్యాలు చెప్పడానికి సుగుణక్క తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. మైకుకు చీరతో పనేముందని ఏడిపించాను.

“నవ్వు తమ్మీ, నవ్వు. మా సంధ్య రోజు గా బండిలనే పోతది డ్యూటీకి. నేను వంటింట్ల ఉంటే, నా గొంతు దానెంబడి పోతది. పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న, నా బిడ్డ ఒక్కపారి ఇన్లే.”

సంధ్య ఆమె కూతురు. ఒక ఐటీ కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే చిన్న ఉద్యోగం. రోజూ ఎర్రగడ్డలో ఎక్కి, అమీర్‌పేటలో షటిల్‌కు మారేది.

ఏడో వాక్యం నాకు బాగా గుర్తు. “దిగే ముందు మీరేమైనా మరచిపోయారేమో, దయచేసి ఒకసారి చూసుకోండి.” ‘దయచేసి’కి ముందు సుగుణక్క చిన్నగా గాలి పీల్చింది. అది ఆమె అలవాటు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఊపిరిని కత్తిరించడం నా అలవాటు. ఈసారి బాగుందనిపించి ఉంచేశాను.

ఫైలుకు ఆమె పేరు పెట్టి, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాను. చేయి దానంతటదే ట్రాక్‌ల ఫోల్డర్‌లోకి వెళ్లింది. శనివారం సాయంత్రం ఎప్పటిలాగే అంతా ఖాళీ చేశాను. సోమవారం ఉదయం కాంట్రాక్టరు వచ్చి అడిగేదాకా నాకు తెలియలేదు.

తప్పు ఇక్కడితోనే ఆగిపోయి ఉండేది. ఫోన్ చేస్తే సుగుణక్క ఆటో ఎక్కి గంటలో వచ్చేది. కానీ అంతకు నెల ముందే ఒక హీరో చెప్పిన ఫైనల్ డబ్బింగ్ రీలు నా చేతుల్లో పోయింది. మళ్లీ అలా జరిగితే కుర్చీ ఖాళీ చేయమని ఓనర్ చెప్పి ఉన్నాడు. ఓనరు, కాంట్రాక్టరు ఇద్దరూ నా ముందే ఉన్నారు. నా నోటి నుంచి ఈ మాట వచ్చింది: “సుగుణక్క గొంతు పోయింది. రికార్డు చేసి చూశాను, పనికిరాదు.”

మధ్యాహ్నానికి వేరే అమ్మాయితో చెప్పించాం. వాక్యం పొడుగైందని కాంట్రాక్టరు ఏడోదాన్ని కొట్టేశాడు. ఆ అమ్మాయి చెప్పింది పది వాక్యాలే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సుగుణక్కకు ఇంకో అబద్ధం చెప్పాను. యాస దొర్లుతోందని వాళ్లు వద్దన్నారన్నాను.

“ఏ మాటల దొర్లింది సార్?” అంది. పద్దెనిమిదేళ్లలో నన్ను సార్ అనడం అదే మొదటిసారి.

“అంటే, మొత్తం మీద...”

“మొత్తం మీదనంటే గాదు సార్. మాట చెప్పున్రి. గీడనే మల్ల చెప్త, మీరే ఇనున్రి.”

నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

మా పరిశ్రమలో మాట పాకడానికి ఒక్క టీ కొట్టు చాలు. సుగుణ గొంతు పోయిందట అని నెలలోగా అన్ని థియేటర్లకూ తెలిసిపోయింది. అందరూ పిలవడం మానేశారు. మోతీనగర్‌లో ఒక కర్రీ పాయింట్‌లో చపాతీలు వత్తుతోందని విన్నాను. పది నెలలకు గుండె ఆగి పోయిందని కూడా టీ కొట్టు దగ్గరే విన్నాను. చూడడానికి వెళ్లలేదు.

ఆమె పోయిన మూడు వారాలకు, ఉదయం పది గంటల వేళ, పని మీద వెళ్తూ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో షటిల్ ఎక్కాను. బాగా ఎండగా ఉంది. మెడలో కంపెనీ కార్డులతో జనం కిక్కిరిసి ఉన్నారు. మామూలు ప్రకటనలు ఆ రెండో అమ్మాయి గొంతులో వస్తున్నాయి. చివరి స్టేషన్ దగ్గరవుతుండగా, నా తల మీది స్పీకర్లోంచి సుగుణక్క గొంతు వచ్చింది.

“దిగే ముందు మీరేమైనా మరచిపోయారేమో, దయచేసి ఒకసారి చూసుకోండి.”

‘దయచేసి’కి ముందు ఊపిరి ఉంది.

ఆ వాక్యం రికార్డు ఎక్కడా లేదు. చెరిపింది నేను. రెండో అమ్మాయి ఆ వాక్యం చెప్పనే లేదు. నా భ్రమ అనుకుందామంటే, నా పక్కన నిలబడిన కుర్రాడు జేబులు తడుముకుని, సీటు కింద పెట్టిన హెల్మెట్ తీసుకున్నాడు.

తర్వాత కావాలనే ఆరుసార్లు షటిల్ ఎక్కాను. ఆరుసార్లూ విన్నాను. లైను మొత్తం తిరిగే రైళ్లలో ఒక్కసారీ వినిపించలేదు. నాలుగోసారి ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే జనం మాటలు, చక్రాల చప్పుడు అన్నీ ఉన్నాయి. ఆ వాక్యం రావలసిన చోట ఐదు సెకన్లు ఏమీ లేదు. జనం చప్పుడు కూడా లేదు. నడుస్తున్న రైల్లో అంత నిశ్శబ్దం రికార్డు కావడం నా అనుభవంలో సాధ్యం కాదు.

అప్పటి నుంచి థియేటర్‌లో నేను రికార్డు చేసిన ఫైనల్స్ మూగవైపోవడం మొదలైంది. ఫైలు ఉంటుంది, నిడివి సరిగ్గా ఉంటుంది, శబ్దం మాత్రం ఉండదు. మొదట ఒక హీరోయిన్ తల్లి పాత్ర. తర్వాత ఒక కమెడియన్. మూడోసారి సినిమాలో సగం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గట్టిగా వింటే ఎక్కడో ఒక చోట చిన్నగా గాలి పీల్చిన చప్పుడు. కంప్యూటర్ మార్చారు, మైకులు మార్చారు. పక్క ఇంజినీరు అదే గదిలో చేస్తే ఏ ఇబ్బందీ లేదు.

“నీ చెవులు పోయాయయ్యా. రికార్డవుతోందో లేదో కూడా నీకు తెలియట్లేదు. ఇంటికెళ్లు” అన్నాడు ఓనర్.

బంజారా హిల్స్‌లో డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. ఈ వయసులో ఇంత చక్కగా వినిపించేవాళ్లు తక్కువన్నాడాయన. ఆ కాగితం పట్టుకుని నాలుగు థియేటర్లు తిరిగాను. నాకన్నా ముందే మాట అక్కడికి చేరింది. అతని చెవులు పోయాయట. కాగితం విప్పి చూసినవాళ్లు లేరు. సుగుణక్కకు ఎలా జరిగిందో, అదే వరసలో నాకూ జరిగింది.

ఆఖరికి ఒక ఉదయం చివరి స్టేషన్‌లో సంధ్య కోసం కాపు కాశాను. చిన్నప్పుడు తల్లితో ఒకసారి థియేటర్ గేటు దాకా వచ్చింది, నన్ను గుర్తుపట్టింది. ఈ రైల్లో మీ అమ్మ గొంతు ఎప్పుడైనా విన్నావా అని అడిగాను.

“ఎట్లింట సార్? యాస దొర్లిందని తీసేసిన్రు కద. ఏ మాటల దొర్లిందో అని మా అమ్మ అద్దం ముంగట నిలవడి పదకొండు చెప్పుకునేది రోజూ. ఆఖరి రోజు గూడ చెప్పింది.”

ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

“నాకు చెప్తే ఏమొస్తది సార్? గొంతు పోయిందని అందరికి చెప్పిన్రు. అందరికి చెప్పున్రి, పోలేదని. డబ్బింగోళ్ల గ్రూపుల మా అమ్మ నంబరు ఇంక ఉంది. మీ గొంతుతోటి రికార్డు చేసియ్యున్రి, నేను పెడ్త.”

ఆ మధ్యాహ్నం ఇంట్లో తలుపులు వేసుకుని, నా సొంత మైకు ముందు కూర్చుని చెప్పాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఫోల్డర్ తప్పు, ఓనర్ భయం, రెండు అబద్ధాలు, ఏదీ దాచలేదు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు విన్నాను. బాగానే ఉంది. ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను.

మర్నాడు పొద్దున అదే బెంచీ మీద సంధ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింది. ఆమె ముఖంలో మార్పు లేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా కదలకుండా చివరిదాకా కూర్చుంది. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది.

“ఇంకొకపారి గిట్ల రాకున్రి సార్” అని లేచి వెళ్లిపోయింది.

నేను విన్నాను. ఇరవై నిమిషాల్లో ఏమీ లేదు. ఎనిమిదో నిమిషంలో మాత్రం ఒక చిన్న ఊపిరి, దాని వెనకే నా గొంతు, స్పష్టంగా: “సుగుణక్క గొంతు పోయింది.” అది అబద్ధమని ఆ వెంటనే చెప్పాను. ఆ మాట లేదు. మళ్లీ నిశ్శబ్దం.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు రికార్డు చేశాను. చేసినప్పుడు అంతా ఉంటుంది. తెల్లారేసరికి ఆ ఒక్క వాక్యమే మిగులుతుంది. నాతో పనిచేసిన ఒక ఇంజినీరుకు ఇస్తే ఫైలు అంతా వెతికి, ఇందులో ఎవరూ ఏమీ చెరపలేదు, ఇంతే రికార్డయింది అన్నాడు. ఎలా జరుగుతోందో అతనికి తెలియదు, నాకూ తెలియదు.

నా గొంతుతో చెప్పనివ్వడం లేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఆమె గొంతు పోలేదు. ఏ మాటలోనూ యాస దొర్లలేదు. పదకొండు వాక్యాలూ మొదటిసారికే సరిగ్గా చెప్పింది. ఇది సంధ్య చదివేలోగా ఇందులో ఏ వాక్యం మిగులుతుందో మాత్రం నేను చెప్పలేను.