ఎస్తేరమ్మ గారి కౌబాయ్ సినిమా

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్ని పనులూ జరుగుతాయి. ఇస్త్రీ బట్టలు దాని మీదే, కరెంటు బిల్లులు దాని మీదే. నిన్న మధ్యాహ్నం నేను పెరుగన్నంలో మాగాయ ముక్క కోసం వెతుక్కుంటుంటే, మనవరాలు ఎదురుగా కూర్చుని పదివేళ్లూ పరిచి, గోళ్లకున్న పాత రంగు తుడిచి కొత్త రంగు వేయడం మొదలుపెట్టింది. ఆ వాసనకి పెరుగన్నం పెయింటు డబ్బాలో కలిపినట్టయింది. పెద్దవాణ్ణి కాబట్టి కోప్పడే హక్కు ఉంది, కోప్పడదామనుకున్నాను కూడా. కానీ వాసన ఇంకొంచెం లోపలికి పోయేసరికి కోపం ఎటో పోయింది. అది ఫిలిం ముక్కలు అతికించే జిగురు వాసన. యాభై ఏళ్లు దాటింది అది పీల్చి. ఆ జిగురు అనగానే నాకు ఎస్తేరమ్మ గారు గుర్తొస్తారు.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేవాణ్ణి. అంటే హాస్టల్లో ఉంటూ తార్నాక చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగేవాణ్ణి. క్యాంపస్‌లో ఒక మూల ఫిలిం రూం అని చిన్న గది ఉండేది. విత్తనం మొలకెత్తడం, గుండె కొట్టుకోవడం, ఆనకట్ట కట్టడం లాంటి పాఠాల ఫిల్ములు అక్కడ రేకు డబ్బాల్లో ఉండేవి. డిపార్టుమెంట్ల వాళ్లు పట్టుకెళ్లి పిల్లలకు చూపించి తిరిగిచ్చేవారు. తిరిగొచ్చిన ప్రతి రీలునూ పరీక్షించి, తెగినచోట అతికించడం ఎస్తేరమ్మ గారి ఉద్యోగం. బాపట్ల వైపు మనిషి. భర్త రైల్వేలో గార్డు, కాపురం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో. నలభై దాటిన వయసు, తెల్ల చీర, ఏ కాలంలోనైనా చేతిలో నల్ల గొడుగు. రీలుని చేత్తో తిప్పుతూ, ఫిలిం అంచుని రెండు వేళ్ల మధ్య జారనిచ్చేవారు. ఎక్కడ చిరిగినా వేలికి తెలిసిపోయేది. కత్తిరించి, గీకి, జిగురు రాసి, రెండు ముక్కల్నీ నొక్కిపట్టి ప్రభువు ప్రార్థన ఒకసారి మనసులో చెప్పుకునేవారు. ప్రార్థన పూర్తయ్యేసరికి జిగురు పట్టుకునేది. ఆవిడ అతికించింది ఊడటం నేను చూడలేదు. అది జిగురు గొప్పో ప్రార్థన గొప్పో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంత ఫిలిం చేతుల మీదుగా నడిపిన మనిషి జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. చిన్నప్పుడు వాళ్ల చర్చి సంఘంలో పెద్దలు సినిమా చూడటం పాపమన్నారట.

"మరి ఈ ఉద్యోగమేంటి అమ్మగారూ?" అని ఒకసారి అడిగాను.

"చూడటం పాపమన్నారు బాబూ. పట్టుకోవడం గురించి ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు, రీలు ఆపకుండానే.

ఆ గదిలో మాకు పనేమిటంటే, మేము ఫిలిం క్లబ్. క్లబ్ అంటే నేను, కరీంనగర్ నుంచి వచ్చిన మురళి, నాంపల్లి ఇక్బాల్. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు. ఆ ఏడాది ఒక కబురు పిడుగులా పడింది. ఫిలిం రూం వల్ల పెద్ద ప్రయోజనం కనిపించట్లేదు, గది పరీక్షల విభాగానికి ఇచ్చేద్దాం, ఎస్తేరమ్మను హాల్ టికెట్ల సెక్షన్‌కి పంపుదాం అని పెద్దలు అనుకుంటున్నారట. మాకు అడ్డా పోతుంది. ఆవిడకు మాత్రం పదిహేనేళ్లుగా వేళ్లతో నేర్చుకున్న విద్య పోతుంది. ఆ వారం ఆవిడ ఒక రీలుకి జిగురు రాసి, ప్రార్థన మధ్యలో ఆపేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. అలా జరగడం అదే మొదటిసారి. మేము డీన్ గారి దగ్గరికి పోయి, వార్షికోత్సవానికి ఆ గది నుంచే సొంతంగా ఒక చిన్న సినిమా తీసి చూపిస్తామన్నాం. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "చూపించండి, చూస్తాం" అన్నారు. ఆ "చూస్తాం"లో ఆశ ఎంతుందో కొలవడానికి సున్నితమైన త్రాసు కావాలి.

ఏ సినిమా తీయాలన్నది మాకు ముందే నిశ్చయమే. లా డిపార్టుమెంటు వాళ్లు సాక్ష్యాల పాఠం కోసం తెప్పించుకున్న పాత ఇంగ్లీషు హత్యా చిత్రం ఒకటి ఆ బీరువాలో ఉండేది. పేరు చెప్పినా మీరు గుర్తుపట్టరు. మాకు మాత్రం అది వేదం. సరుకులు మోసే ఒక బండివాణ్ణి అతని భాగస్వామే చంపి, డబ్బుతో ఊరొదిలి పారిపోతాడు. అంతా రాత్రి, అంతా వాన. చివర్లో డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, హత్య ఎలా జరిగిందో పది నిమిషాలు ఏకధాటిగా వివరిస్తాడు. దాన్నే మళ్లీ తీద్దామన్నాం. మా దగ్గర లేనివి రాత్రి తీయడానికి లైట్లు, వాన, కారు, పోలీసు బట్టలు. ఉన్నవి ఒక పాత కెమెరా, మొక్కల మీద తీయగా మిగిలిన ఫిలిం చుట్టలు నాలుగు, తార్నాక వైపు పెద్ద పెద్ద బండరాళ్లు, బోలెడంత ఎండ.

"రాళ్లూ ఎండా ఉన్నాయి కదా, గుర్రాల సినిమా చెయ్యండి" అన్నారు ఎస్తేరమ్మ గారు.

ఆ రోజుల్లో సికింద్రాబాద్ హాళ్లలో మార్నింగ్ షోకి కౌబాయ్ సినిమాలు వచ్చేవి. మేము క్లాసులు ఎగ్గొట్టి వాటికి హాజరు పలికేవాళ్లం. అయినా ఈ ఆలోచన మాకు రాలేదు, ఆవిడకి వచ్చింది. నేను ఎగిరి గంతేశాను గానీ ఒక సందేహం మిగిలింది. హత్యా చిత్రంలో రహస్యం చీకట్లో దాక్కుంటుంది, ఎండలో ఎక్కడ దాచాలి?

ఆవిడ ఆ పాత రీలు తీసి చేతికిచ్చారు. "ఇక్కడ తడిమి చూడు. హత్య జరిగేచోటు నున్నగా ఉంది. ఇక్కడ చూడు, బండివాడు పొద్దున్నే ఇంటిముందు భార్యకి చెప్పి బయల్దేరేచోటు. అన్నీ గీతలే. అంటే ఇక్కడ వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశారన్నమాట. జనానికి కావలసింది ఇక్కడుంది బాబూ. డిటెక్టివ్ గారి గది చూశావూ? కొత్త రీలులా ఉంది. పాపం, అక్కడికొచ్చేసరికి అందరూ ఆపేస్తున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ డిటెక్టివ్ బదులు మా సినిమాలో పోలీసు అధికారి చెప్పే ఉపన్యాసం నేను అప్పటికే నాలుగు పేజీలు రాసి ఉన్నాను. మా ఫిలిం మూగది. తెర పక్కన మైకు పెట్టి మాటలు మేమే చెప్పాలి. ఆ నాలుగు పేజీలూ నేనే చెప్పాలని నా కోరిక. నా ఎం.ఏ. సారమంతా అందులో ఉంది.

గుర్రం కోసం యాదగిరిని పట్టుకున్నాం. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి తార్నాక దాకా టాంగా తోలేవాడు. గుర్రం పేరు మోతీ. "ఇది బండి గుంజుతది సార్, మనిషిని మొయ్యదు" అన్నాడు మొదట. అయినా ఆదివారం పొద్దున తీసుకొచ్చాడు. ఎస్తేరమ్మ గారి భర్త స్నేహితుడి ఇంట్లో దొరికిన ఫెల్ట్ టోపీ పెట్టుకుని మురళి హంతకుడయ్యాడు. మోతీ మీద దుప్పటి వేసి ఎక్కాడు. ఎక్కాడు అనడం కంటే ఎక్కించబడ్డాడు అనడం న్యాయం. ఇక్బాల్ పోలీసు అధికారి. హంతకుడు గుర్రం మీద దూసుకుపోతుంటే ఇక్బాల్ రాయి మీద నిలబడి బొమ్మ పిస్తోలు ఎత్తాలి, గురి తప్పాలి, హంతకుడు మాయమవ్వాలి. మోతీ దూసుకురానే వచ్చింది. ఇక్బాల్ చెయ్యెత్తాడు. మోతీ ఆగిపోయింది. వచ్చి అతని పక్కన నిలబడి, ఎక్కమన్నట్టు చూసింది.

ఇంకోసారి తీశాం. మళ్లీ ఆగింది. ఐదోసారికి ఇక్బాల్ పిస్తోలు నేలకేసి కొట్టి, "అరె యార్, నేను గోలీ కొడుతున్నా, ఇదేంది గిట్ల నిలబడ్తది?" అన్నాడు.

యాదగిరికి కోపం వచ్చింది. "చెయ్యి లేపితె ఆగాలె. గదే దాని నౌకరి. ఆగకుంటె నాకు సవారీ ఎట్ల దొరుకుతది? నువ్వు చెయ్యి లేపకు సార్, అది ఆగది."

చెయ్యి ఎత్తకుండా పిస్తోలు పేల్చే పద్ధతి మాలో ఎవరికీ తెలియదు. హత్య, పోలీసు ఉపన్యాసం అంతకుముందే తీసి ఉండటంతో మూడు చుట్టలు అయిపోయాయి. నాలుగో దాంట్లో కొంచెం మిగిలింది. తీసిందంతా కడిగించడానికి మద్రాసు పంపాం. అది తిరిగొచ్చేదాకా మేము ఎస్తేరమ్మ గారి ముఖం చూడలేక ఆ గదివైపే పోలేదు. ఆవిడకి హాల్ టికెట్ల సెక్షన్ ఖాయం చేసింది మేమే అనిపించింది.

డబ్బా వచ్చిందని కబురంపితే ముగ్గురం వెళ్లాం. ఆవిడ బల్ల మీద దీపం ముందు ఫిలిం పట్టుకుని, ఆ ఐదు ముక్కలూ పక్కపక్కన వేలాడదీసి చూస్తున్నారు.

"ఈ గుర్రం కథలో ఎవరిది?" అన్నారు.

"హంతకుడిది" అన్నాను.

"వాడికెక్కడిది?"

మురళి నెమ్మదిగా, "బండివాణ్ణి చంపి వాని గుర్రం మీదనే పోతున్నడు అనుకోవచ్చు గద అమ్మా" అన్నాడు.

"అయితే అది ఆగాలి కదయ్యా. ఆ ఇంటిముందు, రోజూ ఆ ఇల్లాలు చెయ్యెత్తితే ఆగే చోట. ఆవిడకి మొగుడు పోయిన సంగతి ఇంకా తెలీదు. గుర్రం కనబడింది, చెయ్యెత్తింది. వాడు ఎంత తన్నినా అది కదలదు. చూసేవాళ్లకి అర్థం కాదూ?"

మేము ముగ్గురం ఒకర్నొకరం చూసుకున్నాం. రహస్యం ఎండలో దాచాల్సిన పని లేకపోయింది. గుర్రం వీపు మీద నలుగురూ చూస్తుండగా కూర్చోబెట్టారావిడ. మిగిలింది ఒక్కటే, చెయ్యెత్తే ఇల్లాలు. మా సినిమాలో వేషానికి ఏ హాస్టల్ వార్డెనూ అమ్మాయిని పంపదు.

ఎస్తేరమ్మ గారు జిగురు సీసా మూత బిగించారు. "ముఖం రాకూడదు. చెయ్యి అయితే..." అన్నారు. తర్వాత తనే నవ్వారు. "చెయ్యి గురించీ ఎవరూ ఏమీ అనలేదులే."

మిగిలిన ఫిలింతో మెట్టుగూడ క్వార్టర్స్‌లో వాళ్ల ఇంటి గుమ్మమూ, దాని ముందు బండికి కట్టి ఉన్న మోతీనీ తీశాం. గడప దాటి ఒక చెయ్యి లేస్తుంది, గోళ్ల దగ్గర జిగురు తెల్లగా ఎండిపోయిన చెయ్యి. అది మళ్లీ మద్రాసు పోయొచ్చాక ఆవిడే కత్తిరించారు, ఆవిడే అతికించారు. నా పోలీసు ఉపన్యాసానికి ఇక్బాల్ మీద తీసిన బొమ్మల్లో ముప్పావు వంతు చెత్తబుట్టలో వేశారు.

"గుర్రం చెప్పేసింది కదా బాబూ, మళ్లీ పోలీసాయన ఎందుకు చెప్పడం?"

చివర ఇక్బాల్ ముఖం కొంచెం మిగిలింది. గబగబా చదివితే రెండు పేజీలు పడతాయని రహస్యంగా లెక్కవేసుకున్నాను.

వార్షికోత్సవం సాయంత్రం హాలు నిండింది. ఎస్తేరమ్మ గారు రారనే అనుకున్నాం. వచ్చారు. "ఇది సినిమా హాలు కాదు, పరీక్షలు రాసే హాలు" అని తనే ముందు తీర్పు చెప్పారు. ఒక కుర్చీ తీసుకెళ్లి తెర పక్కనే, నా మైకు దగ్గర వేసుకున్నారు. అయితే తెరవైపు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నారు.

దీపాలు ఆర్పారు. మొదట మురళి టోపీ చూసి జనం నవ్వారు. నేను ఉపన్యాసం కాగితాలు వరసలో పెట్టుకున్నాను. మూడో వరసలో డీన్ గారు గడియారం చూసుకోవడం నాకే కనబడింది. హత్య అయిపోయింది, నున్నగా. మోతీ ఎండలో పరుగెత్తింది. గడప దాటి ఆ చెయ్యి లేచింది. మోతీ ఆగింది. మురళి తన్నాడు, అది కదల్లేదు. ఇంకోసారి తన్నాడు. ఇక్బాల్ రాయి దిగి నడిచి వస్తున్నాడు. హాల్లో దగ్గు కూడా వినిపించట్లేదు. ఇక్బాల్ ముఖం తెర నిండా వచ్చింది. ఇది నా వంతు. మైకు దగ్గరికి వంగాను.

ఎస్తేరమ్మ గారు నావైపు చూడలేదు. జనం వైపే చూస్తూ, "వాళ్ల ముఖాలు చూడు" అన్నారు.

చూశాను. తెర వెలుతురులో వందల ముఖాలు. ఎవరికీ నాతో పని లేదు. ముందు వరసలో ఒక ముసలి అటెండరు తనకు తెలియకుండానే చెయ్యి సగం ఎత్తి ఉన్నాడు. నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇక్బాల్ ఒక్క మాటా లేకుండా మోతీ కళ్లెం పట్టుకున్నాడు. అయిపోయింది.

ఆ చప్పట్లు వర్ణించను. వర్ణిస్తే ఎక్కువ చెప్పాననుకుంటారు, నిజానికి తక్కువే అవుతుంది. డీన్ గారు లేచి నిలబడి, "మళ్లీ వెయ్యండి" అన్నారు. రెండోసారి కూడా అయ్యాక, గది తాళంచెవి ఎస్తేరమ్మ గారి దగ్గరే ఉంటుందనీ, వచ్చే ఏడు ఫిలిం కూడా ఇప్పిస్తామనీ మైకులో చెప్పారు. ఆవిడ లేచి ఆ తాళంచెవి తన దగ్గరే ఉన్నదీ లేనిదీ కొంగు ముడి తడిమి చూసుకున్నారు. రిటైరయ్యేదాకా ఆవిడ ఆ గదిలోనే పనిచేశారు.

నేను తర్వాత టీవీ స్టేషన్ ఉన్న రామంతాపూర్ చుట్టుపక్కల నాటకాలూ టీవీ నాటికలూ రాసి బతికాను. ఇప్పటికీ రాయడం అయ్యాక, నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ ఏదో చూసుకుని, అది తీసేస్తే కథ నడుస్తుందా అని చూస్తాను. నడుస్తుంది. ఎప్పుడూ నడుస్తుంది. ఇది కొంచెం విచారించాల్సిన సంగతే. నా నాటకం ఎక్కడాడినా ముందు వరసలో పక్కకి తిరిగి కూర్చుని జనాన్ని చూస్తాను. మా ఆవిడ సిగ్గుతో రావడం మానేసింది.

ఆ సాయంత్రం హాలు బయట మెట్ల దగ్గర మమ్మల్ని చుట్టుముట్టారు. మురళి భుజాలు కమిలిపోయేలా తట్టారు. ఇక్బాల్‌ని ఎవరో ఎత్తుకున్నారు. జనం పల్చబడ్డాక యాదగిరి వచ్చాడు. వెనక గోడకి ఆనుకుని రెండుసార్లూ చూశాడట.

"అమ్మ చెయ్యి లేపింది. నా మోతీ ఆగింది. మురళి సార్ దొంగ లెక్క మంచిగ భయపడ్డడు. గా ఇక్బాల్ సార్ గూడ నడుచుకుంట వచ్చిండు. అందరు ఏదో ఒకటి చేసిండ్రు" అని, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మరి నువ్వేం జేసినవ్ సార్?"