సర్దార్ గట్టయ్య చెవులు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను కొత్తగూడెం నుంచి గోదావరిఖని వైపు బదిలీ చేశారు. హోదా డిప్యూటీ చీఫ్ మెడికల్ ఆఫీసర్. పని మాత్రం ఎప్పటిలాగే జనరల్ మెడిసిన్ వార్డు చూసుకోవడం. బొగ్గు కంపెనీ ఆసుపత్రుల్లో హోదా పెరిగితే సంతకాలు పెరుగుతాయి, రోగులు మాత్రం తగ్గరు. పదవీ విరమణకు ఎన్నో ఏళ్లు లేవు కాబట్టి ఈ చివరి పోస్టింగ్‌లోనైనా హాయిగా ఉందామనుకుని వెళ్లాను. అక్కడి మే నెల ఎండ చూశాక ఆ ఆశ వదులుకున్నాను.

ఎండాకాలం మా వార్డుకు వడదెబ్బలు, కిడ్నీ రాళ్లు, వాటి వెనకే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వచ్చేవి. భూగర్భ గనిలో చెమట ధారగా కారుతుంది, నీళ్లు తాగడం తక్కువ. గట్టయ్య అలా వచ్చినవాడే. యాభై దాటిన మనిషి, సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్. గజగజ వణుకుతూ, భార్య సమ్మక్క భుజం పట్టుకుని ఓపీకి నడిచొచ్చాడు. జ్వరం కాగిపోతోంది, బీపీ పడిపోతోంది, నడుము పక్కన వేలితో తడితే కెవ్వుమన్నాడు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీదాకా పాకింది, రక్తంలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. వెంటనే చేర్చుకున్నాం.

గట్టయ్య మైనింగ్ సర్దార్. ఈ ప్రాంతం తెలియనివారికి ఆ ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. గనిలో మేనేజర్, ఆయన కింద అండర్ మేనేజర్, తర్వాత ఓవర్‌మన్, ఆ తర్వాత సర్దార్. హోదాలో చిన్నవాడే గానీ, కార్మికులను పనిచోటికి పంపేముందు పైకప్పు గట్టిగా ఉందో లేదో తేల్చేది అతనే. చివర ఇనుప పొన్ను వేసిన కర్రతో కప్పును తట్టి వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిపోయిన బండ బోలుగా పలుకుతుంది. ఆ బోలు చప్పుడు వినపడి సర్దార్ “బయటికి జరుగుండ్రి” అన్నాడంటే ఎంతటివాడైనా జరగాల్సిందే. ఎందుకూ ఏమిటీ అని అక్కడ నిలబడి అడిగే అలవాటు ఎవరికీ ఉండదు.

మొదట వేసిన ఇంజక్షన్లకు జ్వరం చెక్కుచెదరలేదు. స్కాన్‌లో రాయి చిన్నదే, మూత్రం దారికి అడ్డంగా లేదు. కల్చర్ పరీక్ష రిపోర్టు చూశాక అసలు సంగతి తెలిసింది. మూత్రంలోని సూక్ష్మజీవిని పెంచి, అది ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో ఏది లెక్కచేయదో చెప్పే పరీక్ష అది. గట్టయ్య ఒంట్లో చేరిన జీవి దాదాపు దేన్నీ లెక్కచేయడం లేదు. ఆశ్చర్యమేమీ లేదు. ఏళ్ల తరబడి మూత్రంలో మంట పుట్టినప్పుడల్లా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోవడం, మంట తగ్గగానే మానేయడం ఆయన పద్ధతి. మా వైపు మెడికల్ షాపు వాళ్లందరూ డాక్టర్లే. నేనొక్కదాన్నే అనవసరంగా అన్నేళ్లు చదివాను.

మిగిలినవి రెండే మందులు. ఒకటి కొలిస్టిన్, కిడ్నీని గట్టిగా దెబ్బతీయగలదు. ఆయన కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంది. రెండోది అమికాసిన్. దానికీ కిడ్నీ మీద కొంత కన్నుంది గానీ, దాన్ని నీళ్లతో, రోజువారీ రక్తపరీక్షలతో అదుపులో పెట్టుకోవచ్చు. అసలు భయం చెవితోనే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నటి కణాలను ఈ మందు కొందరిలో చంపేస్తుంది. చచ్చినవి మళ్లీ పుట్టవు. చాలామందికి ఏమీ కాదు, కొందరికి అవుతుంది. ఆ కొందరిలో ఈ మనిషి ఉంటాడా అన్నది ముందే తెలియదు. హైదరాబాద్ పంపినా అక్కడివాళ్లూ ఈ రెండింటి మధ్యే కొట్టుకోవాలి.

రోగికి చెప్పకుండా సూది వేసే అలవాటు నాకు లేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని అంతా చెప్పాను. గట్టయ్య కళ్లు మూసుకునే విని, కళ్లు మూసుకునే జవాబిచ్చాడు.

“చెవులు పొయ్యే సూది నాకద్దు మేడం. బాయిల కప్పు మాట్లాడ్తది. గది ఇనేటోణ్ణి నేను. నాకు ఇనబడకపోతే నా ఎనక వచ్చే పోరగాళ్ల గతేంది?”

బాయి అంటే వాళ్ల మాటలో గని. తనతో పనిచేసిన పాత సర్దార్ ఒకాయన మొండి టీబీకి ఇలాంటి ఇంజక్షన్లే తీసుకున్నాడట. ఇప్పుడు పక్కన పటాకీ పేల్చినా తిరిగి చూడడట. ఆ కథ వార్డంతా విన్నది. సమ్మక్క మాత్రం వినదల్చుకోలేదు.

“చెవులు లేకున్నా మనిషుంటే సాలు నాకు. మనిషే లేకపోతే గా చెవులు నేనేం జేసుకోవాలె?” అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

నా తరఫు వాదన అంతకంటే బాగా నేను చెప్పలేను. అయితే సరిగ్గా అప్పుడే సమ్మక్క తమ్ముడు రాజేశం రంగంలోకి దిగాడు. నస్పూర్‌లో ఉంటాడు, బావను చూడటానికి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మా బొగ్గు గనుల బెల్టులో ఒక సంగతి ఉంది. కార్మికుడు ఆరోగ్యం చెడి మెడికల్ అన్‌ఫిట్ అయితే, కొన్ని షరతుల మీద, అతని బిడ్డకు ఉద్యోగం వచ్చే వీలుంటుంది. నా సర్వీసంతా నన్ను అన్‌ఫిట్ చేయండి మేడం అని బతిమాలేవాళ్లను చూశాను. రాజేశం కూడా ఆ లెక్కే వేశాడు.

“బావా, సూది ఏపిచ్చుకో. బతుకుతవు. చెవులు పోతే ఇంకా మంచిదాయె. అన్‌ఫిట్ అయితవు, మా మేనల్లునికి నౌకరి దొరుకుతది.”

అంత జ్వరంలోనూ గట్టయ్య కళ్లు తెరిచాడు.

“నౌకరి కావాలంటే వాణ్ణి పరీక్ష రాసుకొమ్మను. నా చెవులేమన్న ఖాళీ క్వార్టరారా, వానికి అప్పజెప్పి పోనీకి?”

పక్క మంచాలవాళ్లు పగలబడి నవ్వారు. హెడ్ సిస్టర్ మరియమ్మ మందుల ట్రే అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ లోపల కంగారుగానే ఉంది. ఆయన బీపీ ఎక్కువసేపు నిలబడేలా లేదు.

చివరికి ఆయన పద్ధతిలోనే అడిగాను. కప్పు నూటికి నూరు పాళ్లు భద్రమని ఏనాడైనా రాసిచ్చారా, మరి లోపలికి ఎలా వెళ్తున్నారు అని. ఆయన, కప్పుకు ఊతంగా పట్టెలు ఏపిచ్చి, తట్టుకుంట తట్టుకుంట పోతం, చప్పుడు మారితే ఆగిపోతం అన్నాడు. మనమూ అలాగే చేద్దామన్నాను. ముందు చెవి ఎలా ఉందో కొలుద్దాం, మందు వేస్తూ మధ్యమధ్య మళ్లీ కొలుద్దాం, తేడా వస్తే ఆపి ఇంకో దారి చూద్దాం. గట్టయ్య తల ఊపాడు. సమ్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కార్మికులకు నిర్ణీత కాలానికి చేసే ఆరోగ్య పరీక్షను పీఎంఈ అంటారు. వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ యంత్రం ఆ విభాగంలో ఉంది. చక్రాల కుర్చీలో తీసుకెళ్లి కొలిపించాను. డ్రిల్లింగ్ మోతలో గడిపిన చెవులకు కీచుమనే సన్నటి ధ్వనుల దగ్గర ఉండే లోటు ఆయనకూ ఉంది. మిగతా అంతా శుభ్రం. వెనక్కి తెచ్చిన వెంటనే మొదటి మోతాదు సెలైన్‌లో ఎక్కించాం. బరువును బట్టి, కిడ్నీ ఓపికను బట్టి రోజుకొక్కసారే. ఒకేసారి ఇస్తే మందు పని బాగా చేస్తుంది, కిడ్నీకీ మధ్యలో తెరిపి దొరుకుతుంది.

జ్వరం దిగింది. ఆకలి పుట్టింది. దాంతోపాటు సర్దార్ కూడా లేచాడు. సమ్మక్క చేత ఇంటి నుంచి తన కర్ర తెప్పించుకున్నాడు. యంత్రం మీద ఆయనకు నమ్మకం లేక కాదు, చేతులూరుకోక. పొద్దున లేవగానే గోడ, కిటికీ చెక్క, ఇనుప మంచం, గచ్చు వరుసగా తట్టి వినేవాడు. ఇది వార్డా, బాయా అని మరియమ్మ మొత్తుకునేది. ఇలా తడితే మందు చేసే తొలి హాని తెలియదని, అది మనకు మామూలుగా అవసరం లేని సన్నటి ధ్వనులను ముందు మింగుతుందని, అందుకే యంత్రం కావాలని చెప్పాను. “మీది మీరు చూడుండ్రి, నాది నేను చూసుకుంట” అన్నాడు. ఇతర రోగులు నిద్రపోయేటప్పుడు తట్టకూడదన్న షరతు మీద కర్రను అనుమతించాను.

మోతాదులు ఇంకా కొన్ని మిగిలి ఉండగా ఒక ఉదయం మరియమ్మ నా గదికే వచ్చేసింది. గట్టయ్య చెవుల్లో గుయ్యిమంటోందట. ఈ మందు విషయంలో గుయ్యిమనడం తేలిగ్గా తీసుకునే మాట కాదు. మధ్యలో ఆపితే ఆ మొండి జీవి తిరగబెడుతుంది, ఈసారి దీనికీ లొంగదేమో. ఆపకపోతే, నేను మాటిచ్చిన చెవులు పోవచ్చు. ఆ రోజు మోతాదు ఆపి, ముందు చెవి కొలవమన్నాను. యంత్రం నడిపే టెక్నీషియన్ మరో గని మీద క్యాంపుకు వెళ్లాడు, భోజనాల తర్వాత గానీ రాడు. అప్పటిదాకా నేను ఓపీలో ఎవరి నాలుక చూశానో, ఎవరికి ఏం రాశానో గానీ మనసంతా వార్డులోనే ఉంది.

పదకొండు ప్రాంతంలో రౌండ్స్‌కు వెళ్తే వార్డు ఖాళీ. ఒక్క మంచం మీదా మనిషి లేడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే రోగులందరూ బయట వేపచెట్టు నీడలో ఉన్నారు. ఒకరి సెలైన్ సీసా ఇంకొకరు ఎత్తి పట్టుకున్నారు. ఆయాసం రోగిని మంచంతో సహా మోసుకొచ్చారు. మరియమ్మ ట్రేతో సహా అక్కడే నిలబడి ఉంది. అందరికీ ముందు, చేత కర్రతో, ఆసుపత్రి గౌనులో సర్దార్ గట్టయ్య.

జరిగిందిది. చెవుల గుబులుతో ఊరుకోలేక ఆయన మంచమెక్కి, తల మీదుగా పోయే దూలాన్ని తట్టాడు. బోలుగా పలికింది. పక్కన తట్టాడు, ఖంగుమంది. మళ్లీ దూలం తట్టాడు, బోలు. అంతే, గొంతెత్తి “కప్పు బాగలేదు, బయటికి జరుగుండ్రి” అన్నాడు. వార్డులో ఉన్నవాళ్లు దాదాపు అందరూ బాయి మనుషులే. ఒక్కరూ ఎందుకని అడగలేదు. అడగడానికి నోరు తెరిచిన మరియమ్మను ఇద్దరు చెరోపక్కా పట్టుకుని తీసుకొచ్చేశారట.

సివిల్ విభాగం ఓవర్‌సియర్‌ను పిలిపించాం. నిచ్చెన వేసి ఎక్కి, దూలాన్ని కాసేపు చూసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. దూలం పలక ఊడి వచ్చింది. అది దూలమే కాదు. కరోనా కాలంలో ఆక్సిజన్ గొట్టాలు వేసినప్పుడు అవి కనపడకుండా కట్టిన ప్లైవుడ్ పెట్టె. గోడకూ దానికీ ఒకే సున్నం రంగు కొట్టారు.

నవ్వులతో వేపచెట్టు దద్దరిల్లింది. గట్టయ్య తల దించుకున్నాడు. పెట్టెను చూసి కప్పనుకుంటినని, అందరిని ఎండల నిలవెడితినని గొణిగాడు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది.

“బోలుగా ఉందని మీకు వినపడిందా?” అన్నాను.

“ఇనబడ్డది కద మేడం. గట్ల ఇనబడ్డదనే కద లొల్లి” అన్నాడు. అన్నాక ఆయనకూ వెలిగింది. ముఖం మెల్లగా విచ్చుకుంది. సమ్మక్క అందరి ముందూ ఆయన వీపు మీద ఒకటి చరిచి, “చెవులు పొయ్యే మొఖమేనా ఇది” అని ఏడుస్తూ నవ్వింది.

కర్ర తీర్పు మీద మోతాదు ఇవ్వడం వైద్యం కాదు కాబట్టి భోజనాల తర్వాత యంత్రం తీర్పు కోసం ఆగాను. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రోజుకూ ఆ రోజుకూ తేడా లేదు. గుయ్యిమనడం ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. జ్వరం దిగిన నీరసంలో కొందరికి అలా ఉంటుంది, తర్వాత దానంతటదే పోయింది. ఆ సాయంత్రం మోతాదు ఇచ్చాం, మిగతావీ పూర్తిచేశాం. చివరి కల్చర్‌లో ఏ జీవీ పెరగలేదు. ఇంటికెళ్లాక కొంతకాలానికి మళ్లీ కొలిచాం, ఎందుకంటే ఈ మందు కీడు ఆలస్యంగానూ బయటపడగలదు. చెవులు అలాగే ఉన్నాయి. ఫిట్ సర్టిఫికెట్ మీద నేను అంత సంతోషంగా సంతకం చేసింది అదొక్కసారే. రాజేశం ఆ కాగితాన్ని పెళ్లి తప్పిపోయినవాడిలా చూశాడు.

మందు వల్ల మేలెంత, కీడెంత అన్న లెక్క పుస్తకాల్లో రోగులందరికీ కలిపి ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి దాన్ని మళ్లీ వేయాలి. అదే చెవుల నష్టం ఇంకొకరికి భరించదగ్గది, మరొకరికి అక్కరకొచ్చేది, గట్టయ్యకు బతుకంత. ఆ లెక్క ఒక్కసారి వేసి వదిలేసేదీ కాదు, చికిత్స నడిచినన్నాళ్లూ సరిచూసుకోవాలి. అప్పటి నుంచి యాంటీబయాటిక్ రాసేముందు నేను వయసు కంటే ముందు పని అడుగుతాను. ఓపెన్‌కాస్ట్ గనిలో రోజంతా ఎండలో ఉండే మనిషికి, ఎండ తగిలితే చర్మం కమిలిపోయేలా చేసే మందు రాయాల్సి వస్తే మరోసారి ఆలోచిస్తాను. కొత్తగా వచ్చిన డాక్టర్లకూ అదే చెప్పాను.

నా పదవీ విరమణ సభ కమ్యూనిటీ హాల్లో జరిగింది. గట్టయ్య డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, కర్రతోనే. అధికారులంతా చూస్తుండగా, నేనింకా కూర్చోకముందే వేదిక ఎక్కి, నా కుర్చీ పైనున్న దూలాన్ని రెండుసార్లు తట్టి, చెవి వొగ్గి విన్నాడు.

“పెట్టె గిట్ల ఏం లేదు మేడం. అసలు కప్పే. కూసోండ్రి.”

అప్పుడు కూర్చున్నాను.