గోడ మీది సిమెంటు

ఫ్రాన్సులోని ఓవెర్న్ కొండల్లో ఉన్న ఆ పాత చర్చి దగ్గర ఆన్సెల్మ్ పరంజా ఎక్కేముందు రోజూ కాసేపు రాతిమెట్టు మీద కూలబడతాడు. మోకాళ్ళు రుద్దుకుంటాడు. రొట్టెముక్క సగం తిని సగం జేబులో దాస్తాడు. ఆ తర్వాత మూలుగుతూ పైకి పాకుతాడు. రాళ్ళ సందుల్లో ఒకప్పుడు కూరిన సిమెంటు వల్ల గోడలోని చెమ్మ బయటికి రాలేక, తొమ్మిది వందల ఏళ్ళ రాయి బెల్లపు పొడిలా రాలిపోతోంది. ఆ సిమెంటును ఉలితో తొలిచి సున్నం నింపడం అతని పని. చలికి వేళ్ళు కొయ్యబారినా రాయి అంచు విరగనివ్వడు. "దిగుతావా, నిన్నూ గోడలో పెట్టి మెత్తేయమంటావా?" అని కిందనుంచి చర్చి ఊడ్చే మార్సెలిన్ ఎకసెక్కమాడుతుంది. "మెత్తెయ్యమ్మా, పడుకోవడానికి చోటైనా దొరుకుతుంది," అంటాడు.

ఈ సిమెంటు కూరింది ఎవరని తోటి మేస్త్రీలు అడిగితే, ఎవరో పైఊరి వాడని ఇన్నాళ్ళూ దాటేశాడు. మొన్న పని చూడటానికి పట్నం నుంచి వచ్చిన ఆర్కిటెక్టు మదాం లెస్కూర్, గోడ మీద చెయ్యి వేసి, "ఇంత చక్కని గోడను పాడుచేసిన బుద్ధిలేనివాడు ఎవడో," అంది. ఆన్సెల్మ్ సుత్తి ఆపాడు.

"మా నాన్నండీ," అన్నాడు. "అప్పట్లో ఊరంతా మెచ్చుకుంది. పాదిరీగారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారు."

ఆవిడ ముఖం కందిపోయింది. ఏదో చెప్పబోయింది.

"పర్లేదండీ. మంచే చేస్తున్నాననుకున్నాడు," అంటూ అతను ఉలి మళ్ళీ సందులో ఆనించాడు. "గట్టిగా చేశాడు. ఊడి రావటం లేదు."