దుర్రో అంటే దిర్రీ

మంచుకొండ మీది ఆర్మీ పోస్టుకు నేను చేరింది మధ్యాహ్నం. గాలి ఉత్తరం నుంచి. మూడు జతల మేజోళ్ళు, తెల్ల కోటు, ఒక పార, ఒక రేడియో సెట్టు ఇచ్చారు. మా హవల్దార్ పంజాబీ. ఆయన ఇచ్చిన మొదటి ఆర్డరు: గంటకోసారి పై పోస్టును రేడియోలో పిలవాలి, జవాబు వినాలి. పై పోస్టులో ముగ్గురు. వాళ్ళ ఆపరేటర్ మస్తాన్, బద్వేలువాడు. నాది ఆలూరు. ఇద్దరం సీమవాళ్ళమని తెలిసిన రోజు, ఆ చలిలో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా బంకర్లో ఐదుగురం, నాలుగు భాషలు. వంట చేసే తమిళుడు ఏమడిగినా ‘సుమ్మా’ అనేవాడు, ఊరికే అన్నట్టు. ఎందుకు నవ్వుతున్నావన్నా సుమ్మా, ఎందుకు ఏడుస్తున్నావన్నా సుమ్మా. దానికి సరిపోయే మాట హవల్దార్‌కి హిందీలో దొరకలేదు. వారం తిరిగేసరికి ఆయనా సుమ్మా అంటున్నాడు. డబ్బుకు నేననే ‘దుడ్లు’ అందరి నోళ్ళలో నానింది, అక్కడ కొనడానికి ఒక్క అంగడి లేకపోయినా. పొడిపొడిగా రాలే మంచుకు బొరుగులని పేరు పెట్టాం. నోరు మూయని గాలికి అత్త అని. పేరు పెడితే చలేమీ తగ్గదు గానీ, తిట్టుకోవడానికి వీలుండేది. కొండమీంచి విరిగిపడే మంచుకూ ఒక పేరు పెట్టబోతే మస్తాన్ రేడియోలోనే అడ్డుపడ్డాడు.

“దానికి పేరొద్దప్పా. పేరు పెట్టి పిలిస్తే వస్తాది.”

ఊళ్ళో మస్తాన్ వాళ్ళది వేరుశెనగ చేను. అడవిపందులకు కాపలాగా రెండు కొసల్లో రెండు మంచెలు. ఒకదానిమీద నాయన, ఇంకోదానిమీద మస్తాన్. నాయన ‘దుర్రో’ అని కేకేస్తే కొడుకు ‘దిర్రీ’ అనాలి. ఏ భాషలోనూ లేని మాటలు, వాళ్ళ తాత కల్పించినవి. అక్కడ ప్రతి చేనుకూ ఇలాంటి సొంత కేక ఉంటుందట. పలికితే మేలుకుని ఉన్నట్టు. పలకకపోతే టార్చి తీసుకుని పోయి చూడాలి. మేం దాన్నే రేడియోకి తెచ్చుకున్నాం. నేను దుర్రో, వాడు దిర్రీ. హవల్దార్ మొదట్లో తిట్టిపోశాడు. తర్వాత నేను ఆలస్యం చేస్తే, నీ దుర్రో ఏమైందని ఆయనే గుర్తుచేసేవాడు.

ఒక పొద్దున టీ కాగుతుండగా కొండ కదిలింది. శబ్దం ఆగాక చూస్తే పై పోస్టు లేదు. అంతా తెల్లగా ఉంది. సెట్టు అందుకుని దుర్రో అన్నాను. దిర్రీ అని వచ్చింది. బతికే ఉన్నాడు! తలుపు పూడిపోయిందనీ, తనతో ఉన్న ఇద్దరూ కదలడం లేదనీ చెప్పాడు. హవల్దార్ అందరినీ పారలతో పైకి తీసుకుపోతూ నాకొక్క మాట చెప్పాడు: వాణ్ణి నిద్రపోనివ్వకు, మేం చేరేదాకా పిలుస్తూనే ఉండు.

పిలిచాను. పలికాడు. మళ్ళీ పిలిచాను. మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయింది. వాడి జవాబులు ఆలస్యమవుతున్నాయి. అప్పుడు, నేను పిలవకముందే, సెట్టులో వాడే పిలిచాడు.

“దుర్రో.”

అప్పటిదాకా వాడు ఒక్కసారీ పిలవలేదు. చేలో అయినా, ఇక్కడైనా, పలకడమే వాడి వంతు. “దిర్రీ” అన్నాను. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. పొద్దు వాలే ముందు మావాళ్ళకు తలుపు దొరికింది. సెట్టు వాడి గుండెమీదే ఉందని చెప్పారు.

సెలవు దొరికాక ఆలూరు పోలేదు. ముందు బద్వేలు పోయాను. వాళ్ళ నాయన మంచె కింద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

“కడాకు వాడే పిలిచినాడంటివే, నువ్వు పలికితివా?”

“పలికినా నాయనా.”

సాలు అన్నట్టు తలూపాడు.

పొద్దుగూకింది. ఆయన అలవాటుగా మంచెక్కి, చేను మీదుగా దుర్రో అని కేకేశాడు. అవతలి మంచె ఖాళీగా ఉంది. జవాబు నా నోటిదాకా వచ్చింది, అది వాడి వంతని ఆగిపోయాను. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత మెల్లగా దిగాడు. టార్చి తీసుకున్నాడు.

ఇప్పుడు పెన్షన్ మీద కల్లూరులో ఉంటున్నాను. ఎవరు పలకరించినా మంచు గురించే అడుగుతారు. చెబుతాను. నాకు మాత్రం కళ్ళు మూస్తే ఆ టార్చి వెలుగే. పలకని కొడుకును చూడ్డానికి, సాళ్ళ మధ్య పోతూ ఉంటుంది.