మార్చాక తిరిగి అప్పజెప్పు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు మా ఆడకూలీలని చర్చి వరండాలో కూర్చోబెట్టి నేర్పింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి "ఎవరి చేతో రాయించుకుందిలే" అనేవాళ్ళు ఉంటారు. ఎవరి చేతా రాయించుకోలా. నేనే రాశా. దీనికంటే ముందు కంప్యూటరు ఏజెంట్ల కోసం కూడా నాలుగు మాటలు రాశా. అదెట్టా జరిగిందో చెప్తా.

గుంటూరు దగ్గర ఒక మిర్చి గోడౌనులో నేను ముఠా మేస్త్రిని. మా ఆడవాళ్ళం కాయలకి తొడిమలు తీస్తాం, రంగు పోయిన తాలుకాయ ఏరతాం. మగవాళ్ళు టిక్కీలు, అంటే కాయ బస్తాలు, మోస్తారు. లారీలు ఎక్కువొచ్చిన రోజు మాలో గట్టివాళ్ళు కూడా బస్తాకి భుజం పడతారు. మొన్నమొన్నటి దాకా ఎవరికే పనో నేను నోటితోనే చెప్పేదాన్ని. చెప్పాక ఒక్కొక్కరూ నాకు తిరిగి అప్పజెప్పాలి. "నేను మూడో కుప్ప దగ్గర, తాలు ఏరతా, భోజనాల దాకా" అని పూర్తిగా అనాలి. అనకపోతే గడప దాటనిచ్చేదాన్ని కాదు. "మేమేమన్నా బడిపిల్లలమా" అని సణిగేవాళ్ళు. సణుక్కోమన్నా. కాగితం చదవలేని వాళ్ళకి పని తప్పిపోకుండా ఇంకో దారేముంది?

తరవాత నా చేతికి ఒక ఫోను ఇచ్చారు. "ఇకనుంచి పనులు ఏజెంట్లు చూసుకుంటాయి" అన్నాడు సూపర్‌వైజరు. ఏజెంట్లంటే మనుషులు కారు, కంప్యూటరులో ప్రోగ్రాములు. లారీ ముందొస్తే అవే టైము మారుస్తాయి. మనిషి రాకపోతే ఇంకో మనిషిని పెడతాయి. పొద్దున్నే జాబితా ఫోనులో కనపడుద్ది, నేను చదివి కేకేస్తా.

మా ముఠాలో ఒకామె ఉంది. నేను వదినా అని పిలుస్తా. చుట్టరికం లేదు, చిన్నప్పట్నుంచీ ఒకే సాలులో కాయ కోసిన మనుషులం. ఆమెకి మోకాలి ఆపరేషను అయింది. బరువు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆమె పని పక్కన "కూర్చునే పని మాత్రమే" అని నా వేలితో నేనే ఫోనులో కొట్టా.

ఒకరోజు ఊళ్ళో చావుకి పోయి గోడౌనుకి ఆలస్యంగా వచ్చా. వదిన గోడకి ఆనుకుని కాలు బారజాపి కూర్చునుంది. మోకాలు వాచిపోయింది.

"ఏమైంది వదినా?"

"టిక్కీ ఎత్తమన్నారు. ఎత్తా."

"నీకేమన్నా బుద్ధుందా? ఎందుకెత్తావు?"

"ఫోనులో వచ్చిందన్నాడు సూపర్‌వైజరు. నేనేమన్నా నీలాగా చదువుకున్నదాన్నా, ఉందో లేదో చూడ్డానికి?"

ఫోను తీసి చూశా. నేను కొట్టిన మాట లేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

"మిషను తప్పు చెయ్యదమ్మా, నువ్వే రాసుండవు" అన్నాడు సూపర్‌వైజరు.

అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందో ఇక్కడ రాయను. ఆడవాళ్ళతో మాత్రం ఒకటే అన్నా, "పీటల మీదనుంచి లేవండే." అందరూ లేచి బయట నిలబడ్డారు. మిరపకుప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మధ్యాహ్నానికి మంగళగిరి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ ఫోను సంగతులన్నీ చూసేది ఆమేనంట. వదిన కాలు చూసింది, తన కంప్యూటరు తెరిచి చాలాసేపు వెతికింది. దాచలా, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందురోజు ఏజెంటు టైము ఒక్కటే మార్చిందండీ. కానీ మార్చేటప్పుడు మిగతా గడులు ఖాళీగా పంపింది. ఖాళీగా వస్తే, జాబితా మార్చే మా పనిముట్టు చెరిపెయ్యమన్నట్టు తీసుకుంటుంది. మీరు రాసిన మాట అట్లా పోయింది. ఇవ్వాళ మోతకి మనుషులు చాలక, ఏ షరతూ లేని మనిషి కదా అని ఈమెని పెట్టింది."

"ఆ పనిముట్టు ఎట్టా వాడాలో దానికి ఎవరు చెప్పారు?"

"నేనేనండీ. కాగితం రాశాను. పని మార్చే ముందు ప్రతిసారీ ఏజెంట్లు అది చదువుతాయి."

"ఏదీ, ఇటియ్యి."

సంచిలోంచి దాని ప్రింటు తీసిచ్చింది, తెలుగులోనే ఉంది. వరస కింద వేలు పెట్టి చదవడం మొదలెట్టా. సూపర్‌వైజరు నవ్వాడు. "నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చుకున్నావు, నువ్వు చదివేసరికి పొద్దుగూకుద్ది."

"నిన్నగాక మొన్న నేర్చుకున్నా గనకే ఒక్క మాట కూడా దాటెయ్యను. మీరంతా దాటేసి చదివారు" అన్నా.

పొద్దుగూకలేదు. ఒకటిన్నర పేజీ. అంతా చదివి అడిగా, "ఖాళీగా పంపితే చెరిగిపోద్దని ఇందులో ఎక్కడుందమ్మా?"

ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. "లేదండీ. మాకు తెలిసిందే కదా అని రాయలేదు."

"మీకు తెలుసు. చెప్పకపోతే దానికెట్టా తెలుస్తుంది?"

కాగితం వెనక్కి తిప్పి, ఆమె పెన్నే తీసుకుని రాశా.

"పని మార్చే ముందు ఉన్నదంతా చదువు. ఏది మార్చమన్నారో అదే మార్చు, మిగతా వాటి జోలికి పోకు. గడి ఖాళీగా పంపితే అందులో ఉన్నది చెరిగిపోతుంది, చెరపమని చెప్తేనే చెరుపు. మార్చాక పని మొత్తం మొదట్నుంచీ తిరిగి అప్పజెప్పు. కూర్చునే పని అని ఉన్న మనిషిని లేపాలంటే మేస్త్రిని అడుగు. ఔనంటేనే లేపు."

ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. "నేను రాసినదానికన్నా ఇదే బాగుందండీ" అంది.

"చివరి మాట తీసెయ్యమ్మా. ఏజెంటు ఈమెని అడిగేదేంది? ఈమె గోడౌనుకి ఓనరా?" అన్నాడు సూపర్‌వైజరు.

"చివరిదానికి ఆఫీసు ఒప్పుకోవాలండీ" అని నసిగింది ఆ అమ్మాయి.

"ఒప్పించుకో. అప్పటిదాకా మేము కూర్చోం. కుప్పలు ఆయన్ని ఏరమను."

ఆ రోజు కూర్చోలా. మర్నాడు కూడా వచ్చాం, బయటే నిలబడ్డాం. పిలిచి బెదిరించారు. వేరే ముఠాని తెస్తామన్నారు, తెచ్చుకోమన్నా. కోతల కాలంలో ఖాళీగా ఉన్న ముఠా ఏదో చూపించమన్నా. రెండోరోజు సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసి, "మొత్తం పెట్టేశామండీ, మీ మాటలు మీరు రాసినట్టే" అంది.

వదిన నెల రోజులకి మళ్ళీ పీట మీదకొచ్చింది. ఆ వారంలోనే ఒక పొద్దున లారీలు మూడు ఒకేసారి వచ్చాయి. మోతకి మనుషులు లేరు. నా ఫోను మోగింది. "ఈమెకి కూర్చునే పని మాత్రమే అని ఉంది. మోతకి మార్చమంటున్నారు. మీరు ఒప్పుకుంటారా?" అని అక్షరాలు వచ్చాయి. సూపర్‌వైజరు నా భుజం పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఏమంటుంది ఆ ఫోను?" అంది వదిన.

"నిన్ను లెమ్మంటుంది."

"మరి నువ్వేమంటావు?"

'కాదు' మీద వేలు పెట్టి గట్టిగా నొక్కా. పని మొత్తం మొదట్నుంచీ తిరిగి వచ్చింది. సూపర్‌వైజరుకి వినపడేట్టు, వేలు పెట్టి చదివా: "మూడో కుప్ప. తొడిమలు తీయడం. సాయంత్రం అయిదు వరకు. కూర్చునే పని మాత్రమే."